ఫోన్‌లో వచ్చిన ముఖం

మే 6, మంగళవారం

నాయన కుడిచెయ్యి వణకడం తగ్గలేదు. జాతర వచ్చే మంగళవారమే. ఊరిపెద్ద సుబ్రమణ్యం వచ్చి, ఈసారి నీకు బదులు గంగమ్మ మట్టి ముఖం కోమలి చేస్తాదిలే అన్నాడు. నాయన తలూపాడు. చేయాల్సిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మే 9

మట్టి తొక్కాను. ఒక్కపొద్దు ఉంటున్నాను. మా కుమ్మరిళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ముఖం చేసేవాళ్లు ఏ పటమూ, పాత ఫోటో ఏదీ చూడకూడదు. పస్తులున్నవాళ్ల మనసులోకి అమ్మవారి ముఖం దానంతటదే రావాలి. నాయనకు వచ్చేదట. నాకు ఆకలి తప్ప ఏమీ రావడం లేదు.

మే 10, మధ్యాహ్నం

చేయడం, చెరిపేయడం. ఒకటి అచ్చం మా మేనత్తలా వచ్చింది.

సాయంత్రం

చేయకూడని పని చేశాను. AI యాప్ తెరిచి, గంగమ్మ, ఉగ్రరూపం, మట్టి ముఖం అని టైప్ చేశాను. నాలుగు బొమ్మలిచ్చింది. మూడు సీరియల్ హీరోయిన్లు. నాలుగోది చూసి ఫోన్ మంచం మీద పడేశాను. మళ్లీ తీశాను. దాన్ని చూస్తూనే మొత్తం ముఖం చేసేశాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. అదే భయంగా ఉంది.

మే 14, బుధవారం

తెల్లారి గుడి దగ్గర అమ్మవారి ముఖం మీది తెర తీశారు. పక్కింటి రాఘవమ్మ ఏడ్చేసింది. ఇంత కళ నేనెప్పుడూ సూడలేదు పాపా, నీ చేతిలో అమ్మే ఉండాది అంటూ నా చేతులు కళ్లకద్దుకుంది. ఫోన్ ఇచ్చిన ముఖానికి నా చేతులకు మొక్కడమెందుకు? అది నేను చేసిందా, చూసి దించిందా?

అప్పుడు గుర్తొచ్చింది. జాతర ముగిశాక అమ్మవారి చెంప కోసి ఆ మట్టి ఇంటింటికీ పంచుతారు. జబ్బు చేసినవాళ్లకు నీళ్లలో కలిపి తాగిస్తారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, బొమ్మ చేసేటప్పుడు మాత్రం బుర్రలోకి రాలేదు. రాఘవమ్మ మనవడికి వారం రోజులుగా జ్వరం. ఆస్పత్రి మందులు వాడుతూనే ఉన్నారు, అయినా ఆమె ఈ మట్టి కోసం కాచుక్కూర్చుంది. అది అమ్మవారే కాకపోతే ఆ పసివాడు తాగేది ఏమిటి?

ఇంటికి పరుగెత్తి నాయనకు చెప్పేశాను. ఫోన్ చూపించాను. చాలాసేపు చూశాడు. మట్టి యాడిదని అడిగాడు. మన చెరువుదేనన్నాను. తొక్కిందెవరన్నాడు. నేనేనన్నాను. ఒక్కపొద్దు తప్పినావా అన్నాడు. లేదన్నాను. అంతే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నేను తిరిగి వెళ్లేసరికి చెంప కోసేశారు. రాఘవమ్మ మట్టి కొంగున కట్టుకుని ఎదురొచ్చింది. తాగించొద్దని చెప్పాలి. పక్కకు తప్పుకుని దారిచ్చాను.

మే 15

రాఘవమ్మ వాళ్ల తలుపు మూసి ఉంది. గోడ అవతల దగ్గు వినిపించినా లేచి కూర్చుంటున్నాను. వెళ్లి అడగడానికి ధైర్యం లేదు.

మే 16

పిల్లాడికి జ్వరం తగ్గిందట. రాఘవమ్మ కొబ్బరికాయ తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. మందుల వల్లే తగ్గిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఫోన్‌లో ఆ బొమ్మ డిలీట్ చేద్దామంటే వేలు కదలడం లేదు.