ముప్ఫై నాలుగు మెట్ల సంగతి

నలభై ఏళ్లుగా కుట్టుపనితో బతికినదాన్ని, అందరూ టైలరమ్మ అని పిలిచేదాన్ని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. నా మతి స్థిమితంగానే ఉంది. కోపమంటారా, కోపానికీ మతి తప్పడానికీ సంబంధం లేదని లాయరుగారే ఒప్పుకున్నారు.

1. నా కుట్టుమిషను, కత్తెరలు నా చెల్లెలి కూతురికి. ఆ కత్తెరలతో కాగితాలు కోస్తే ఊరుకోను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా దానిదే.

2. మా బావగారికి ఏమీ లేదు. ఆస్పత్రి వరండాలో నిలబడి "ఆ కాళ్లతో హోటళ్లెందుకమ్మా?" అన్నారు. ఆ మాట ఆయన్నే ఉంచుకోమని మనవి.

3. జరిగింది రాయక తప్పదు. మావారు పత్రికలో ప్రూఫులు దిద్దేవారు. చిన్నప్పటినుంచీ చంకకర్రల మీదే నడక. మా పెళ్లయి ముప్ఫై ఏళ్లయిన రోజున, ఆ పత్రికలోనే హోటళ్ల గురించి రాసే పెద్దమనిషి మాట నమ్మి మధ్యాహ్న భోజనానికి వెళ్లాం. బల్లగుడ్డ నేత, పూలకుండీ రంగు, సూపులో మిరియాల ఘాటు, అన్నీ రాశాడు. "ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి" అనీ రాశాడు. భోజనాల గది రెండో అంతస్తులో ఉందనీ, లిఫ్టు లేదనీ, ముప్ఫై నాలుగు నిటారు మెట్లనీ రాయలేదు. ఇంటికి పోదామన్నాను. "కొత్తచీర కట్టుకుని వెనక్కేంటి, పద" అన్నారు. ఎక్కారు. తిన్నారు. దిగుతూ పడ్డారు. తుంటి విరిగింది. మూడు నెలలు మంచంలో ఉండి, కన్నుమూశారు.

4. ఆయన ఉన్నికోటు, ఆ రోజు ఆయన్ని రెండు చేతులమీద ఎత్తుకుని కిందికి దింపిన సర్వరుకు. "నా మెడ పట్టుకోండి బాబాయ్, వదలకండి" అంటూనే దిగాడు. కోటు కుట్లు విప్పి అతనికి సరిపోయేలా మళ్లీ కుట్టాను. కొలత అడగలేదు. ఆ భుజాలు నాకు గుర్తే.

5. చంకకర్రలు ఆ రాసిన పెద్దమనిషికి. నేను ఉత్తరం రాస్తే, "అమ్మా, నా పని రుచి చెప్పడం, మెట్లు లెక్కపెట్టడం కాదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. షరతు: వాటితో ఆ మెట్లు ఎక్కి దిగి, ఎన్నున్నాయో అదే పత్రికలో రాయాలి. ఏడాదిలోగా రాయకపోతే కర్రలు ఎముకల ఆస్పత్రికి చెందుతాయి. "ఇది కోర్టులో నిలవదమ్మా" అన్నారు లాయరుగారు. నిలవకపోతే పడనీయండి. మావారూ అలాగే పడ్డారు.

6. రుచి గురించి అతను రాసిందంతా నిజం. మావారు సూపు రెండోసారి అడిగి తెప్పించుకున్నారు. అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను. ఉన్నదాన్ని వదిలేసి రాయడం నాకు చేతకాదు.

2019 మార్చి 18.

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:
మావారి పక్కబల్ల ప్రూఫ్‌రీడరు
కింది వాటాలో ఉండే నర్సమ్మ