యాదమ్మ దగ్గర తాళాలు తీసేసుకున్నారు

బుధవారం, తార్నాక

నేరస్థుడు పుట్టడు, సమాజమే తయారుచేస్తుందని మొన్న మా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో బల్ల గుద్ది మరీ చెప్పాను. ఉదాహరణగా లాలాపేట్‌లో ఫోన్లు లాక్కుని జైలుకెళ్లిన ఒకతని కథ చెప్పాను. పేరు మార్చాను, అదే పెద్ద నీతి అనుకున్నాను. తండ్రి చావు, మూతపడ్డ ఫ్యాక్టరీ, యూనివర్సిటీలో అటెండర్‌గా చేసే అక్క, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఆ అక్క మా యాదమ్మేనని హాల్లో ఎవరికి తెలియదు? వెనక టీ కప్పులు సర్దుతూ తనూ వింది. తమ్ముడి సంగతి నాకు చెప్పుకున్నది తనే.

పదకొండేళ్లుగా పొద్దున్నే డిపార్ట్‌మెంట్ తలుపులు తీసేది యాదమ్మ. ఈరోజు హెడ్ ఆమె దగ్గర తాళాలు తీసేసుకున్నాడు. వెళ్లి అరిచాను. ఆయన నవ్వాడు.

"మేడం, పరిస్థితులే మనిషిని దొంగను చేస్తయని మీరే చెప్తిరి. ఆమెవీ గవే పరిస్థితులు కదా!"

ఎంత మూర్ఖపు తర్కం! చీల్చి చెండాడుతూ ఒక వ్యాసం రాయగలను. కానీ అందులోనూ మళ్లీ యాదమ్మే ఉదాహరణ కావాలి. వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం ఆమెను వెతుక్కుంటూ వెళ్లి, తప్పు చేశానన్నాను. యాదమ్మ చీపురు పక్కన పెట్టింది.

"అయ్యో, మంచిగనే చెప్పిన్రు మేడం. మా వాని గురించి గంత మంచిగ ఎవ్వరు చెప్పలే. గని ఇగ నుంచి మా ఇంటి ముచ్చట్లు నన్నేం అడగకుండ్రి."