కడప బండ మీద అరిగిన గాజు

మైదుకూరు

వాసుదేవ్ బావకు,

ఫోన్‌లో అడిగితే నవ్వి తప్పించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. మైపాడు ఒడ్డున ఏరానని నువ్వు పంపిన గాజుముక్కలు అందాయి. సముద్రం ఏళ్ల తరబడి నునుపు చేసిన గాజుతోనే నేను కమ్మలు, లాకెట్లు చేసి అమ్ముతానని నీకు తెలుసు. ఈసారి వచ్చిన ఆకుపచ్చ ముక్కల్లో మాత్రం ఉప్పు జాడ లేదు, గీతల్లో నల్లటి పొడి ఉంది. కడప బండల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ పొడి నాకు తెలియదా?

మీ అమ్మను అడిగాను. "తుపాను కదమ్మా, సముద్రం కాడికి ఎవరినీ పోనీలేదు. నీకు పంపుతానని మాట ఇచ్చినాడంట. సోడాసీసా పగలగొట్టి, వంటింట్లో మన కడప బండ మీద రుద్దుతా కూర్చున్యాడు. వేళ్లన్నీ కోసుకున్యాడు" అని అత్త ఒకటే నవ్వు.

సముద్రానికే లేని తొందర నీకెందుకు బావా? ముందు వేళ్లకు మందు రాసుకో. తర్వాత అత్తకు ఆ బండ కడిగిపెట్టు.

కొనేవాళ్లను మోసం చేయలేను కాబట్టి ఆ ముక్కలను అమ్మకానికి పెట్టలేదు. సముద్రం అరగదీసినవి ఎవరు అడిగినా ఇస్తాను. నువ్వు అరగదీసినవి మాత్రం ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ నా చెవులకే ఊగుతున్నాయి.

నీ మరదలు