తెర వెనుక కుర్చీ

చెన్నూరు,
ఆదివారం

చిరంజీవి నిఖితకు,

బాపమ్మ ఆశీస్సులు. నువ్వు తీసిన సినిమా ఫోన్‌లో రెండుసార్లు చూశాను. బాగుందని మాత్రం రాయను.

మా రోజుల్లో కాలనీ మైదానంలో తెల్లబట్ట కట్టి సినిమా వేసేవారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లం తెర వెనుక. అందుకే నేను చూసిన నలుపు తెలుపు సినిమాలన్నీ కుడిఎడమలు తారుమారైనవే. పేర్లు కూడా తిరగబడి కనిపించేవి. అయినా మాకు లోటనిపించలేదు. మనిషి చనిపోతే దీపం ఆరేది, అంతే. మిగిలినది మేం ఇంటికి తీసుకుపోయి ఏడ్చేవాళ్లం. ఇప్పటి సినిమాల్లో అన్నీ వాళ్లే చూపించి, వాళ్లే ఏడ్చేస్తున్నారు.

నువ్వూ అదే చేశావు. బొగ్గుబాయిలో కప్పు కూలి మీ తాత పోయిన తీరు, ఆ రోజు పక్కన పనిచేసినవాళ్లను అడిగి మరీ తీశావట. అంతసేపు, అంత దగ్గరగా నెత్తురు చూపించాలా? దాని మీద వాయిద్యాలు ఒకటి. ఆ రోజు నాకు కప్పిన బట్ట ఒక్కటే చూపించారు. "మొఖం సూడకు చెల్లె" అన్నారు. చూడలేదు.

పైగా ఆయనది ఎడమచేతి వాటం. నీ నటుడు పారను కుడిచేత్తో పట్టాడు.

ఆ సీను తీసెయ్యి. తీయకపోతే కాలనీలో సినిమా వేసే రోజు నేను రాను.

మీ బాపమ్మ,
దేవవ్వ


చెన్నూరు,
గురువారం

నిఖితా, బిడ్డా,

నిన్న నాగవ్వ వచ్చింది. ఆమె భర్త పరశురాములు కూడా ఆ కప్పు కిందనే పోయాడు. దీపం ఆరితే చాలదా అని నా మాట చెప్పి, నా వైపు మాట్లాడుతుందని నీ సినిమా చూపించాను.

చూసినంతసేపు కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా మీద పడింది.

"అక్కా, గాయిన ఎట్ల పోయిండో ఇన్నేండ్లల్ల నాకు ఒక్కలన్న చెప్పిండ్రా? నీకైతే దీపం ఆరితే సాలు. నాకు రోజూ గా చీకట్లనే పోతుండు. ఇయ్యాల కండ్లార సూసిన. పంతులమ్మవు, అన్నీ దిద్దుతవ్. గిది దిద్దకు."

చాయ్ పెట్టిస్తే తాగలేదు.

సీను ఉండనీ. వాయిద్యాలు తగ్గించు.

తెర మాత్రం పలుచని బట్టతో మైదానంలోనే కట్టించు. నాగవ్వ ముందు వరుసలో కూర్చుంటుందట. నాకు వెనుక ఒక కుర్చీ వెయ్యి.

నటుడి చెయ్యి మార్చకు. వెనుక నుంచి చూస్తే మీ తాత పారను ఎడమచేత్తోనే పట్టుకుంటాడు.

నీ బాపమ్మ