లోమా సేకా బడి దారికి వేసిన గేటు

పట్టణాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
లోమా సేకా కాలనీ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు దెల్ఫినా కెసాదా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పాఠశాల దారికి అడ్డముగా ఇనుప గేటును తిరిగి బిగించనీయకుండుట మరియు రెమెదియోస్ ఉర్కిది అను ఫ్యాక్టరీ కార్మికురాలిపై గల కేసును ఎత్తివేయించుట గురించి.

1. మా పాఠశాలలో రెండు వందల పన్నెండు మంది పిల్లలు చదువుచున్నారు. వెనుక దేశపు సరిహద్దు గోడ, కుడివైపు మురుగు కాలువ, ఎడమవైపు కార్లకు వైర్లు అల్లే ఫ్యాక్టరీ. పెద్ద రోడ్డుకు ఒక్కటే దారి. నిరుడు ఫ్యాక్టరీని విస్తరించినప్పుడు, భద్రత పేరిట ఆ దారికి గేటు బిగించారు. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రమే తెరుస్తున్నారు.

2. గత మంగళవారం పదిన్నరకు ఫ్యాక్టరీ గొట్టం నుండి ఘాటైన వాయువు వెలువడినది. "వెలువడినది" అని రాయడం తేలిక. మూడో తరగతి పిల్లలు ముందు దగ్గారు, తర్వాత వాంతులు చేసుకున్నారు. స్వెటర్లు తడిపి ముక్కులకు కట్టి, అందరినీ గేటు దగ్గరికి పరుగెత్తించాము. కావలివాడు ఎలిసెయో అవతల నిలబడి ఉన్నాడు.

"తియ్యవయ్యా, పిల్లలు చచ్చిపోతారు!"

"తాళం నా దగ్గర లేదు టీచరమ్మా. ఇంజనీరు గారి దగ్గరుంది."

"ఆయనెక్కడ?"

"ఫోన్ చేస్తూనే ఉన్నా. ఎత్తట్లేదు."

అతని కళ్ళ వెంట కూడా నీళ్ళు కారుతున్నాయి. అది వాయువు వల్లనో, మమ్మల్ని చూసో నేను చెప్పలేను.

3. అప్పుడు రెమెదియోస్ ఉర్కిది, సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండిని గోదాము నుండి బయటికి తెచ్చినది. "వెనక్కి జరగండి! పిల్లల్ని గోడకి ఆనించండి!" అని అరిచి, గేటును రెండుసార్లు గుద్దినది. రెండోసారికి గేటు కూలినది. పిల్లలందరూ బయటపడ్డారు. ఇత్సెల్ అనే ఏడేళ్ళ పిల్ల మాత్రం ఇంకా ఆసుపత్రిలో గొట్టంతో ఊపిరి పీల్చుకుంటున్నది.

4. రెమెదియోస్‌ను ఫ్యాక్టరీ వారు పనిలోంచి తీసివేసి, ఆస్తి ధ్వంసం చేసినదని ఫిర్యాదు ఇచ్చారు. సొంత బిడ్డ కోసం మతి తప్పి చేసినదని వారి వకీలు అంటున్నాడు. ఆ రోజు ఆమె కూతురు జ్వరంతో ఇంట్లో ఉన్నది. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆమె బయటికి తెచ్చినది పరాయి పిల్లలను.

ఠాణాలో ఆమెను చూడబోతే నన్నే నవ్వించబోయింది. "పెట్టెలు చెక్కుచెదరకుండా ఎత్తడం ఆరు వారాలు నేర్పారు టీచరమ్మా. గేట్లెలా ఎత్తాలో నేర్పలేదు. అందుకే వంకరపోయింది." తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇత్సెల్ బతుకుతుందా?" అన్నది.

5. ఈ అంశము ఎవరూ అడగలేదు. గేటుకు అభ్యంతరం లేదని పాఠశాల తరపున సంతకం చేసినది నేనే. బదులుగా ఫ్యాక్టరీ వారు నాలుగు గదులకు కప్పు వేయిస్తామన్నారు, వేయించారు. తమరే వచ్చి రిబ్బను కత్తిరించి, అభివృద్ధి అంటే ఇదీ అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. పిల్లలు వానలో తడవకుండా కూర్చుంటే చాలనుకున్నాను. వాళ్ళు బయటికి ఎలా వస్తారో అడగలేదు. శిక్ష వేయవలసి వస్తే ఆ వరుసలో రెమెదియోస్ కంటే ముందు నా పేరు రాయండి.

కావున పై విషయములను దయతో చిత్తగించి, శుక్రవారం జరుగు ఆమె కేసు విచారణకు మునుపే తగు ఉత్తర్వు దయచేయవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
దెల్ఫినా కెసాదా

తా.క.: ఐదో అంశం కొట్టేసి తెస్తేనే అర్జీ తీసుకుంటానని మీ గుమాస్తా అంటున్నాడు. "మీ ఉద్యోగం పోతుంది మేడమ్, నా మాట వినండి" అని మంచిగానే చెప్పాడు. కొట్టెయ్యలేదు. మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. వసారాలో నలభై మంది తల్లులు షిఫ్టు మానుకుని నిలబడ్డారు. ఇందాకే ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త గేటు దింపారని కబురొచ్చింది. తల్లులను ఇళ్ళకు పొమ్మన్నాను, పోవడం లేదు. మీరు లోపలే ఉన్నారని మాకు తెలుసు. తలుపు తియ్యండి.