ఎదిగే పిల్లకు రెండు వదులు

పిల్లల బాగోగుల సర్వే కార్యాలయం వారికి,

దర్జీ నమస్కరించి రాయడమేమనగా, మా నాలుగేళ్ల చిట్టిదాని గురించి మీరు పంపిన ఫారం నింపి పంపుతున్నాను. పిల్ల బడిలో చేరి నెలైంది. బడి గేటు దగ్గర రోజూ ఏడుస్తుంది. సాయంత్రం వచ్చాక కొట్టు అదిరేలా నవ్వుతుంది. అసలు పిల్ల సుఖంగా ఉందో లేదో తేలక నాకు మిషను మీద మనసు నిలవడం లేదు. కన్నవాళ్లు చెప్పినదాన్ని బట్టి పిల్ల సంతోషం కొలిచి చెబుతామన్నారు కాబట్టి మీ మీదే ఆశ పెట్టుకున్నాను.

పదికి ఎంత అని అడిగిన ప్రతిచోటా ఆలోచించే వేశాను. నవ్వుకు పన్నెండు.

ఇట్లు,
కత్తెర పక్కన పెట్టి రాసిన దర్జీ

తా.క. పన్నెండేమిటని కంగారు పడకండి. అసలు కొలత పదే. ఎదిగే పిల్ల కదా, రెండు వదులు పెట్టాను.

*

దర్జీగారికి,

మీ ఫారం అందింది. పదికి మించి వేయకూడదు. సంతోషాన్ని లోపలికి మడిచి కుట్టే వీలు మా పట్టికలో లేదు. పైగా మీరు వేసినవన్నీ అంచనాలేనని మా అనుమానం. కనుక వారం పాటు పిల్లను దగ్గరుండి గమనించి, రోజుకు ఎన్నిసార్లు నవ్విందో రాసి పంపగలరు.

ఇట్లు,
ఫారాల విభాగం గుమాస్తా

తా.క. కాగితాలకు మీరు గుచ్చిన గుండుసూదిని మా పై అధికారిగారు బొటనవేలితో కనిపెట్టారు. ఇకమీదట దారంతో కుట్టి పంపినా సరే.

*

గుమాస్తాగారికి,

దర్జీ నమస్కారాలు. మీరు చెప్పినట్టే మెడలో టేపు, చేతిలో నోట్‌బుక్కుతో పిల్ల వెనకాలే తిరిగాను. సోమవారం పద్నాలుగు నవ్వులు. అందులో తొమ్మిది నేను గుడ్డల మూట తట్టుకుని పడ్డప్పటివి. మంగళవారం ఎనిమిది. బుధవారం మూడు. గురువారం నన్ను చూడగానే కత్తిరింపు బల్ల కింద దూరింది. గమనించాలి కదా, నేనూ దూరాను. సున్నా. శుక్రవారమూ అంతే.

ఆ కంగారులో ఒకాయన ప్యాంటుకు మూడో కాలు కుట్టాను. పిల్లకేమైందో త్వరగా చెప్పండి.

ఇట్లు,
చేయి ఆడని దర్జీ

తా.క. "నాన్నా, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఇది ఏ గడిలో రాయాలి?

*

దర్జీగారికి,

మీ లెక్క చూసి కార్యాలయమంతా కలవరపడింది. నాలుగు రోజుల్లో పద్నాలుగు నుంచి సున్నాకు దిగిన పిల్ల మా సర్వేలో ఇంతవరకూ లేదు. నిబంధన ప్రకారం మీ ఫారం మీద ఎర్రగీత గీశాం. వచ్చే సోమవారం మా పరిశీలకుడు మీ ఇంటికి వస్తారు. ఈలోగా పిల్లను ఇంకా శ్రద్ధగా గమనించగలరు. ఇద్దరు గమనిస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఫారాల విభాగం గుమాస్తా

తా.క. మీరడిగిన మాటకు గడి లేదు. "ఇతర వివరాలు" కింద రాయండి. అది ఎవరూ చదవరు. నేను చదువుతాను.

*

గుమాస్తాగారికి,

దర్జీ నమస్కారాలు. ఇద్దరు గమనించాలన్నారు కదా అని మా ఆవిడకు నోట్‌బుక్కు ఇవ్వబోయాను. ఆవిడ దాన్ని లాక్కుని, మీరు అదనంగా పంపిన ఖాళీ ఫారం తీసి, చిట్టిదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అందులో ప్రశ్నలన్నీ నా గురించి అడిగింది. ఆ జవాబులు ఇవి. నవ్వు: మానేశాడు. ఆట: బల్ల కిందికి వస్తాడు గానీ ఆడడు. నిద్ర: అంకెలు కలవరిస్తాడు. దేనికి భయపడతాడు: పోస్టుమాన్‌కి.

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. నోట్‌బుక్కు కాగితాలు చింపి బొమ్మకు టోపీలు చేశాం. మూడు కాళ్ల ప్యాంటు నేనే తొడుక్కుని కొట్టంతా తిరిగాను. పిల్ల పడీ పడీ నవ్వింది. ఎన్నిసార్లని అడగకండి. నేనూ నవ్వుతున్నాను, లెక్కపెట్టలేదు. ఇవాళ బడి గేటు దగ్గర అది కాస్త ఏడ్చింది, నేనూ కాస్త ఏడ్చాను. ఇద్దరం మెల్లగా అలవాటు పడతాం.

మీ పరిశీలకుణ్ణి తప్పకుండా పంపండి. పిల్లను కాదు, నన్ను చూసి వెళ్లమనండి.

ఇట్లు,
చిట్టిదాని నాన్న

తా.క. నాన్నకు పదికి ఎంత అంటే చిట్టిది ఐదు వేయించింది. అసలు కొలత మూడేనట. ఎదుగుతాడు కదా అని రెండు వదులు పెట్టిందట.