గుర్రాల బావి హద్దురాయి

బోధన్,
2 ఫిబ్రవరి 2025, ఆదివారం.

అంకిత బాపుకు సౌందర్య నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, అంకిత, నేను ముగ్గురం బాగున్నాం. మస్కట్‌లో మీరు కూడా ఒంట్లో నలత లేకుండా, వేళకు తింటూ ఉన్నారని తలుస్తున్నాను.

ఆత్మారామన్న చేతికిచ్చి పంపిన మీ ఉత్తరం, ఖర్జూరాలు, అంకిత చేతిగడియారం అందాయి. ఆయన సెలవు అయిపోయింది, బుధవారం మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాడు. ఈ జవాబు ఆయన చేతికే ఇస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఇంకా ఉత్తరాలేమిటని ఆయన భార్య నన్ను చూసి నవ్వింది. మీ గదిలో ఆరుగురుంటారు. ఇక్కడేమో ఫోన్ స్పీకర్లో పెట్టకపోతే అత్తమ్మ ఊరుకోదు. కొన్ని మాటలకు కాగితమే నయం.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తమ్మకు కుడికంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, బియ్యంలో నేను వదిలేసిన రాళ్లన్నీ ఏరి గిన్నె పక్కన వరసగా పెడుతోంది. డాక్టర్ కొన్నాళ్లు ఆగమన్నా బీడీలు చుట్టడం మానలేదు. ఒళ్లో చాట లేకపోతే చేతులు ఏం చేయాలో తెలియడం లేదట. అంకిత పరీక్షలు మార్చిలో. సివిల్ ఇంజినీరింగే చదువుతానంటోంది. మన ఇంటి నక్ష గీసిన అనిల్‌కుమార్ కన్నా తానే బాగా గీస్తుందట. ఈ మాట అతని ముందే అన్నది. పాపం, అతను నవ్వి ఊరుకున్నాడు.

ఇక మీ చివరి ప్రశ్న. "ఇంటి అప్పీలు ఏమైందని అడిగితే మాట మారుస్తున్నావు, ఏం దాస్తున్నావు?" అని రాశారు. దాచిన మాట నిజమే. మొదటి నుంచి చెబుతాను, మధ్యలో కోపం వస్తే కాగితం పక్కన పెట్టి, చాయ్ తాగి మళ్లీ చదవండి.

దసరా వెళ్లాక మన దరఖాస్తు తిరిగొచ్చిన సంగతి మీకు తెలుసు. గుర్రాల బావి సర్కారు కాపాడుతున్న పాత కట్టడం, దాని హద్దు నుంచి వంద మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు, మీ స్థలం డెబ్భై తొమ్మిది మీటర్లలో ఉంది కాబట్టి అనుమతి లేదు అని రాశారు. పన్నెండేళ్లు ఆ ఎండల్లో మీరు పనిచేసి కొన్న స్థలం. ఇక అందులో కూరగాయలు తప్ప ఏమీ వేసుకోలేమా అనిపించింది.

పక్కింటి లింబాద్రి వచ్చి, కాగితాలతో పనేముంది, నాలుగు ఆదివారాల్లో గోడలు లేపేస్తే ఎవరొచ్చి కూలుస్తారు అన్నాడు. అత్తమ్మకు ఆ మాట నచ్చింది. నేను ఒప్పుకోలేదు. రోజూ అంగన్‌వాడీలో పిల్లలకు వరసలో నిలబడమని చెప్పేదాన్ని, దొంగతనంగా ఇల్లెలా కడతాను? అప్పుడు అనిల్‌కుమార్ చెప్పాడు, ముప్పై రోజుల్లో పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చని. ఏ ఆధారంతో పెట్టాలి అన్నది అతనికీ తెలియలేదు.

నాకు తెలిసింది. డెబ్భై తొమ్మిది మీటర్లు కొలిచింది బావి చుట్టూ ఉన్న ఇనుప కంచె దగ్గరి నుంచి. మన నక్షలో కూడా కంచెనే హద్దుగా గీశాం, కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ కంచె సర్కారుది కాదు. మేకలు బావిలో పడుతున్నాయని గల్లీ యువకులు వేసింది. బతుకమ్మ ఆడే జాగాను కూడా కలుపుకొని మనవైపు చాలా ముందుకు వేశారు. అసలు హద్దు లోపలెక్కడో ఉంది, దానికి రాళ్లు కూడా పాతారు. ఇదే అప్పీలులో రాశాను. నీకెలా తెలుసని అనిల్‌కుమార్ అడిగితే పెద్దవాళ్లు చెప్పారన్నాను. మీరడిగినప్పుడూ అదే చెప్పాను.

అప్పీలు విచారణకు పిలుపు రావడానికి రెండు నెలలు పట్టింది. అన్ని రోజులూ అత్తమ్మ పొద్దున చాట ముందేసుకొని తునికాకు కత్తిరిస్తూ ఒకటే పాట. "గా బావిని సర్కారుకు అప్పజెప్పినోడు ఎవడో, వాని చెయ్యి ఇరగ. వానికి ఇల్లు లేదా, పిల్లలు లేరా?" నేను అక్కడే రొట్టెల పిండి కలుపుతూ వినేదాన్ని. ఒకరోజు అంకిత, "నానమ్మా, వాళ్లు కూడా మంచికే చేసి ఉంటారు కదా" అంటే, దాని మీదా కోప్పడింది. ఆ రోజు రొట్టెలు మాడిపోయాయి. ఎందుకు మాడాయో నేను ఎవరికీ చెప్పలేదు.

జనవరి ఎనిమిదిన నిజామాబాద్‌లో విచారణ. అత్తమ్మ తాను కూడా వస్తానంది. కంటి ఆపరేషనైంది కాబట్టి నల్లద్దాలు పెట్టుకొని, బీడీ కార్డు కూడా సంచిలో వేసుకుంది. సర్కారు ఆఫీసులో ఏ కార్డు అడుగుతారో తెలియదు కదా అని. అధికారి ఒక పెద్దావిడ. కాగితాలన్నీ తానే చదువుతుంది, ఎవరినీ తొందరపెట్టదు. మా వంతు వచ్చాక, కంచె హద్దు కాదని మీకెవరు చెప్పారని అడిగింది. పెద్దవాళ్లు అన్నాను. ఏ పెద్దవాళ్లు, పేర్లు చెప్పమంది. నేను చేతిలోని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడావిడ బల్ల మీద ఉన్న పాత ఫైలు తెరిచింది. "ఈ బావిని కాపాడమని 1999లో గల్లీవాళ్లు పెట్టుకున్న దరఖాస్తు ఇది. మొదటి సంతకం కె. సౌందర్య, తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఎక్కడుందో తెలిస్తే హద్దు సంగతి అడగొచ్చు" అంది.

అత్తమ్మ నల్లద్దాలు తీసి నావైపు తిరిగింది.

"దేవులాడే పని లేదు మేడమ్. గా పిల్లను నేనే" అన్నాను.

ఔను. అది నేనే. మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో మేం ఆ గల్లీలోనే అద్దెకుండేవాళ్లం. గుర్రాలు దిగి నీళ్లు తాగేందుకు కట్టిన వెడల్పాటి మెట్లు ఒకవైపు ఉన్నాయి చూడండి, వాటి మీద కూర్చొనే నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. ఇంట్లో ఒకటే గది, ఐదుగురం. ఆ ఎండాకాలం ఒక కాంట్రాక్టరు ఆ మెట్ల రాళ్లు పీకి రోడ్డు కింద వేయడానికి లారీ తెచ్చాడు. రెండు వరసలు పోయాయి కూడా. మా సోషల్ సార్ మార్కండేయగారు, నీ చేతిరాత బాగుంటుంది, దరఖాస్తు నువ్వే రాయి అన్నారు. రాశాను. పెద్దవాళ్లెవరూ ముందుగా సంతకం చేయడానికి ఇష్టపడకపోతే నేనే చేశాను. మరుసటి ఏడాది అధికారులొచ్చారు. కొలిచే మనుషుల్లో ఒకరు తక్కువైతే టేపు కొస నేనే పట్టుకున్నాను. బాణం గుర్తు చెక్కిన రాళ్లు నా కళ్ల ముందే పాతారు.

ఇదంతా మేడమ్‌కు చెప్పాను. ఆవిడ మెచ్చుకోలేదు, కోప్పడలేదు. సర్వేయర్‌ను పంపుతాను, మీరు చెప్పిన చోట తవ్వి చూస్తారు, రాయి దొరికితే కొలత మారుతుంది, దొరక్కపోతే నా చేతుల్లో ఏమీ లేదు అంది.

తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. జానకంపేట దాటింది, ఎడపల్లి దాటింది. ఇక ఈ జన్మకు నాతో మాట్లాడదనుకున్నాను. బోధన్ కనిపిస్తుండగా అడిగింది.

"మూడు నెలల సంది నేను తిట్టింది నిన్నేనా?"

"ఔ అత్తమ్మ."

"ఒక్కనాడన్న చెప్పకపోతివి. చెప్తే జర తక్కువ తిడుతుంటి కద."

అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంటే కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు.

ఇరవయ్యో తారీఖున సర్వేయర్, ఇద్దరు కూలీలు వచ్చారు. కంచె లోపల సర్కారు తుమ్మ గుబురుగా పెరిగింది, నేల కనబడదు. గుర్రాల మెట్ల మూల నుంచి మనవైపు నలభై అడుగులు వేస్తే రాయి అని నాకు బాగా గుర్తు. ఆ రోజు నేనే లెక్కపెట్టుకున్నాను. మూల దగ్గర నిలబడి నలభై అడుగులు నడిచాను. పొదలు కొట్టి మోకాలి లోతు తవ్వారు. మట్టి తప్ప ఏమీ లేదు. కొంచెం పక్కన తవ్వారు. అక్కడా లేదు. సర్వేయర్ గడియారం చూసుకున్నాడు. అనిల్‌కుమార్ తల గోక్కున్నాడు. నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. నేను కలగన్నానేమో, అసలు రాళ్లే లేవేమో అనిపించింది.

అత్తమ్మ అప్పటిదాకా నీడలో స్టూలు మీద కూర్చొని ఉంది. అక్కడి నుంచే అంది, "అప్పుడు నువ్వు గింతంత పోరివి. నీ అడుగులు గూడ గింతంతే ఉండె. ఇప్పుడు గట్ల దూకుకుంట నడుస్తే రాయి ఏడ దొరుకుతది? సిన్నగ నడువు."

చీర కొంచెం ఎత్తి పట్టుకొని మళ్లీ మూల దగ్గరికి వెళ్లాను. పద్నాలుగేళ్ల పిల్లలా దగ్గర దగ్గరగా అడుగులు వేశాను. కూలీలు నవ్వారు, అంకిత ఫోన్లో వీడియో తీసింది. నలభై పూర్తయ్యేసరికి ముందటి గుంతకు బాగా ఇవతలే ఆగిపోయాను. అక్కడ తవ్వితే మూరెడు లోతులో గడ్డపార ఖంగుమంది. సర్వేయర్ తానే గుంతలోకి దిగి చేత్తో మట్టి తుడిచాడు. బాణం గుర్తు.

కొలత పెడితే మన స్థలం దగ్గరి మూలకు నూటరెండు మీటర్లు. అనిల్‌కుమార్ రెండోసారి కొలవమన్నాడు. రెండోసారీ అంతే.

మొన్న శుక్రవారం ఆర్డర్ వచ్చింది. మనం గెలిచాం. తిరస్కరించిన కాగితం రద్దు చేశారు, ఇల్లు కట్టుకోవచ్చు. కానీ బావికి దగ్గర కాబట్టి షరతులున్నాయి. ఒకటే అంతస్తు, దాని ఎత్తు కూడా వాళ్లు చెప్పినంతే. కొత్త బోరు వేయరాదు, నల్లా నీళ్లే వాడుకోవాలి. మీరు డ్యూటీ కాగితం వెనక గీసి పంపిన పై అంతస్తు, దాని వరండా, గ్రిల్, ఊయల ఇవేవీ ఉండవు. ఇది ఫోన్లో చెప్పడానికే నాకు నోరు రాలేదు.

కానీ దాచింది అది మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఏడేళ్ల కింద స్థలం కొనేటప్పుడు మీకు నిజామాబాద్ రోడ్డు మీది ప్లాటు నచ్చింది. అక్కడ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని నేనన్నాను. నాకెవరూ అలా చెప్పలేదు. ఆ నీళ్లు నేను నోట్లో పోసుకొని చూసింది కూడా లేదు. నాకు గుర్రాల బావి దగ్గరే ఇల్లు కావాలి, అంతే. వంద మీటర్ల నిబంధన కూడా నాకు తెలుసు. మన స్థలం దాని బయటే ఉంటుందని నా పాత గుర్తు మీద నమ్మకంతో, ఒక్క కాగితం కూడా చూడకుండా మీతో కొనిపించాను. రాయి దొరకకపోయి ఉంటే మీ పన్నెండేళ్ల కష్టం నా మొండితనం కింద పోయేది. మీరు నా మాట నమ్మి, ఉప్పునీళ్ల సంగతి మీ దోస్తులకు కూడా చెప్పారు. వాళ్లలో ఒకాయన ఆ రోడ్డు మీద కొనడం మానుకున్నాడట. అది విన్నప్పుడు మీకు చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. తప్పు నాది.

షరతులకు ఒప్పుకుంటున్నట్టు ఒక పత్రం మీద ఇద్దరం సంతకాలు చేసి నెలలోగా ఇవ్వాలి. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నేనింకా చేయలేదు. మీకు ఒకటే అంతస్తు ఇష్టం లేకపోతే ఖాళీగానే తిప్పి పంపండి. ఈ స్థలం అమ్మేసి మీరనుకున్న రోడ్డు మీదే కొందాం, అక్కడ రెండంతస్తులు వేసుకుందాం. ఏడుస్తూ కాదు, మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. బావి ఎక్కడికీ పోదు, నడిచొచ్చి చూసుకుంటాను.

ఇంకో మాట. బీడీల కార్ఖానాకు వెళ్లినప్పుడు అత్తమ్మ ఇప్పుడు అందరికీ ఒకటే చెబుతోంది, గా బావిని నిలబెట్టింది మా కోడలే, తొమ్మిదో తరగతిలనే సర్కారుతోని కొట్లాడింది అని. మూడు నెలలు ఎవరిని తిట్టిందో అక్కడున్నవాళ్లకూ తెలుసు. వాళ్లు గుర్తుచేసినా ఆమెకు వినబడనే వినబడదు.

ఉత్తరం మడిచే ముందు ఏం రాశావో చదవమంది. ఉప్పునీళ్ల దగ్గర కూడా ఆపకుండా చదివాను. కాసేపు తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుంది. తర్వాత, నా ముక్క కూడా రాయి అంది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"బిడ్డా మధుకర్, పై అంతస్తు లేకుంటే నాకే మంచిగైంది, మెట్లెక్కే బాధ తప్పింది. సంతకం పెట్టు, లేకుంటే పెట్టకు, అది నీ ఇష్టం. కోడలిని మాత్రం ఫోన్ల ఏమనకు. అనేది ఉంటే నేను ఇంట్లనే ఉన్న, నేనే అంట."

ఇట్లు,
మీరేమంటారోనని ఆత్మారామన్న చేరే రోజు లెక్కపెట్టుకుంటున్న
అంకిత అమ్మ,
సౌందర్య